జనరల్ బాడీ మీటింగుకి ఏఐని ఎప్పుడు పిలవాలి?

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ పదవికి ఎవరూ పోటీ పడరు. రిటైరయ్యారు, ఎప్పుడూ ఇంట్లోనే ఉంటారు, పైగా లెక్కల టీచరు అని తెలిస్తే చాలు, మిగతావాళ్లంతా చప్పట్లు కొట్టి ఎన్నేసుకుంటారు. మాది హైదరాబాద్‌లో నిజాంపేట వైపు 72 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఎండాకాలం నీళ్లు లేవని గొడవ, వానాకాలం సెల్లార్లో నీళ్లు నిలిచాయని గొడవ. ఇప్పుడు మీటింగుకి వచ్చేవాళ్లలో సగం మంది జేబులో ఒక సలహాదారుణ్ని కూడా పెట్టుకుని వస్తున్నారు. చాట్‌జీపీటీ, జెమినై, వాట్సాప్‌లోనే ఉండే మెటా ఏఐ, ఎవరికి అలవాటైంది వాళ్లది.

నాలాగే ఇరుక్కున్న సెక్రటరీల కోసం, ప్రెసిడెంట్ల కోసం ఇది రాస్తున్నాను. ఏఐ వాడొద్దని నేను చెప్పను, నేనే వాడతాను. చెప్పాలనుకుంటున్నది వరస గురించి. పదిమంది కలిసి తీసుకునే నిర్ణయంలో ఏఐ మొదట మాట్లాడితే ఒక రకంగా తేలుతుంది, అందరూ మాట్లాడాక మాట్లాడితే ఇంకో రకంగా తేలుతుంది. మొదటి రకం చూడ్డానికి నీటుగా ఉంటుంది గానీ ఎండలు ముదిరేసరికి అసలు రంగు బయటపడుతుంది.

ఐదు మెసేజీలు వస్తే ఐదు అభిప్రాయాలు అనుకోకండి

"ఈ ఎండాకాలం నీళ్లకు ఏం చేద్దాం?" అని గ్రూపులో పెట్టి చూడండి. గంట తిరక్కుండా పొడవాటి మెసేజీలు దిగుతాయి. కొత్త బోరు, ట్యాంకర్ల ఒప్పందం, ఇంకుడు గుంతలు, ఫ్లాటుకో మీటరు, చివర్లో 'నివాసితులకు అవగాహన కార్యక్రమాలు'. ఒక్కో మెసేజీలో వరస కొంచెం మారుతుంది, అంతే. మా అపార్ట్‌మెంట్లో మనిషన్నవాడెవడూ 'నివాసితులు' అన్న మాట నోటితో అనగా నేను వినలేదు.

మీటింగులో ఎవరో ఒకరు లేచి "ఇప్పటికే ఐదుగురు బోరే అంటున్నారు కదండీ" అంటారు. అక్కడే లెక్క తప్పుతుంది. పరీక్ష పేపర్లు దిద్దినవాళ్లెవరినైనా అడగండి. ఐదు పేపర్లలో ఒకే తప్పు, అదే మెట్టు దగ్గర కనిపిస్తే ఐదుగురు పిల్లలు తప్పు చేశారని అనుకోం. ఒకడు చేశాడు, నలుగురు చూసి రాశారు అనుకుంటాం. ఇక్కడా అంతే. ఐదుగురు ఒకే చోట అడిగి తెచ్చుకున్న జవాబు ఒక్క అభిప్రాయం కిందే లెక్క.

ఇది సైన్స్‌లో పాత సంగతే. 1906లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో జరిగిన పశువుల సంతలో ఒక ఎద్దును చూపించి, కోసి శుభ్రం చేశాక దాని బరువెంత తూగుతుందో ఊహించి రాయమని పోటీ పెట్టారు. చీటీ ఆరు పెన్నీలు. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త తర్వాత ఆ చీటీలు తెప్పించుకుని, చదవడానికి వీలైన 787 చీటీలనీ చిన్న అంకె నుంచి పెద్ద అంకె దాకా పేర్చి సరిగ్గా మధ్యలో ఉన్నది చూశాడు. అది 1,207 పౌండ్లు. అసలు బరువు 1,198. తొమ్మిది పౌండ్లు తేడా, అంటే నూటికి ఒకటి కూడా లేదు. వాళ్లలో కసాయివాళ్లూ ఉన్నారు, పశువుల గురించి పెద్దగా తెలియనివాళ్లూ ఉన్నారు. ఒకరు ఎక్కువ రాస్తే ఇంకొకరు తక్కువ రాశారు, తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. ఎవరి చీటీ వాళ్లు రాసుకున్నారు కాబట్టే అది కుదిరింది. గేటు దగ్గర ఎవరైనా మైకు పట్టుకుని "1,400 ఉంటుంది బాబూ" అని అరిచి ఉంటే అందరి తప్పూ ఒకే వైపు ఒరిగేది. అప్పుడు ఎంతమంది రాసినా ఒకటే.

2011లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో ఈటీహెచ్ అనే విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని ప్రయోగం చేసి చూశారు. ఇతరుల అంచనాలు ముందే చూపిస్తే జనం అంచనాలు దగ్గరదగ్గరకి వచ్చేశాయి. అంచనా మెరుగుపడలేదు గానీ, తాము చెప్పింది సరైనదేనన్న ధీమా మాత్రం పెరిగింది. నాకు ఈ రెండో ముక్కే ఎక్కువ భయం. తప్పుగా ఉన్న గుంపుతో మాట్లాడొచ్చు. ధీమాగా ఉన్న గుంపుతో మాట్లాడటం మీటింగు నడిపినవాళ్లకే తెలుస్తుంది.

ముందు ప్రశ్నను విడగొట్టండి

'ఏం చేద్దాం' అని అడిగితే ప్రసంగాలే వస్తాయి. అజెండా వేసే ముందు కాగితం మీద మూడు గళ్లు గీయండి. మొదటి దాంట్లో, కొలిచి చెప్పగలిగినవి: రోజుకి ఎన్ని ట్యాంకర్లు వస్తున్నాయి, సంపు ఎంత, బోర్లు ఎంత లోతు, గత ఏడాది ట్యాంకర్లకు ఎంత కట్టాం. రెండో దాంట్లో, ఊహించాల్సినవి: కొత్త బోరు వేస్తే నీళ్లు పడతాయా, పడినా ఎన్నేళ్లు ఉంటాయి. మూడో దాంట్లో, ఇష్టాలు: ఒక్కసారే పెద్ద మొత్తం పెడతారా, నెలనెలా కాస్త కాస్త కడతారా, ఉదయం రెండు గంటలే నీళ్లు వదిలితే సర్దుకుంటారా.

మొదటి గడిలో ఏఐ బాగా సాయం చేస్తుంది, అంకెలు మీరిస్తే. రెండో గడిలో అది కూడా మనలాగే ఊహిస్తుంది, కాకపోతే మనకన్నా చక్కటి భాషలో. మూడో గడిలో దానికేం పని? ఫలానా ఫ్లాట్లో మంచం పట్టిన పెద్దావిడ ఉందని, ఆ ఇంటికి నీళ్లు ఎప్పుడంటే అప్పుడు కావాలని దానికి తెలియదు, మనకి తెలుసు. ఈ గడిలోది ఏఐని అడుగుతున్నారంటే పక్కింటివాళ్లని అడగడానికి మొహమాటపడుతున్నారనే అర్థం.

మొదటి గడిలో దాన్ని వాడే తీరు ఒకటి చెప్తాను. మన దేశంలో పట్టణాల నీటి సరఫరాకు మనిషికి రోజుకి 135 లీటర్లు అనేది ప్రభుత్వ ప్రమాణం. 72 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు అనుకుంటే 288 మంది, అంటే రోజుకి 38,880 లీటర్లు. పది వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగైతే సరిపోవాలి. మీ బోర్లు పోసేది, జలమండలి వాళ్లు వదిలేది, ట్యాంకర్లు తెచ్చేది కలిపితే అరవై వేలు దాటుతోందంటే మీకున్నది నీళ్లు దొరకని సమస్య కాకపోవచ్చు, కారిపోతున్న సమస్య కావచ్చు. ఆ లెక్కను ఏఐతో నెలవారీగా వేయించుకోండి, ట్యాంకర్ల బిల్లులు ఫోటో తీసి ఇచ్చి పట్టిక చేయించుకోండి. ఆ పట్టికలో కూడికలు మాత్రం మీరొకసారి చూడండి. నేను చూస్తాను, అలవాటు మానలేను.

ఏఐ కంటే ముందు చీటీలు

మీటింగుకి రెండు మూడు రోజుల ముందు ఇంటింటికీ ఒక చీటీ వెళ్లాలి. గ్రూపులో చర్చ మొదలు కాకముందే వెళ్లాలి. చీటీలో మూడే ప్రశ్నలు: మీ ఉద్దేశంలో అసలు కారణం ఏమిటి? ఏం చేస్తే బాగుంటుంది? మీ ఇంటి నుంచి ఎంత వరకు పెట్టగలరు? పైన ఒక వాక్యం రాయండి: 'ఫోన్ని అడగకుండా మీకు తోచింది రాయండి, తప్పులున్నా ఫరవాలేదు.' ఆ వాక్యం చదివి కొందరు నవ్వుతారు, కొందరు అయినా అడుగుతారు. అందరూ మాట వినక్కర్లేదు, సగం మంది విన్నా లాభమే.

గూగుల్ ఫారం వాడితే, జవాబుల సారాంశాన్ని నింపినవాళ్లకి చూపించే సెట్టింగు ఒకటి ఉంటుంది, అది ఆపేసి పంపండి. లేకపోతే నింపినవాళ్లు చూసి పక్కవాళ్లకి చెప్తారు, వ్యవహారం మళ్లీ మొదటికొస్తుంది. నాకైతే కాగితమే నచ్చింది. కాగితం మీద పెద్దవాళ్లు కూడా రాస్తారు, కొడుకుతో కోడలితో నింపించుకోరు.

చీటీలు ఓనర్లకే ఇవ్వకండి. ఓటు ఓనర్లదే అనుకోండి, బైలా (అసోసియేషన్ నియమావళి) ఎలా ఉంటే అలా. కానీ సమాచారానికి ఓనరేమిటి, అద్దెకున్నవాళ్లేమిటి? నీళ్లు రాని బాధ అద్దెకున్నవాళ్లకే ముందు తెలుస్తుంది. ఓనరు ఏ డల్లాస్‌లోనో కూర్చుని చాట్‌జీపీటీని అడిగి బోరు వేయమంటాడు.

ఇంకా ముఖ్యం, వాచ్‌మన్‌నీ ప్లంబర్‌నీ ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లనీ అడగండి. వాళ్లకి చీటీ ఇస్తే మొహమాటపడతారు, పక్కన కూర్చుని చెప్పింది చెప్పినట్టు మీరే రాసుకోండి. మా వాచ్‌మన్ చెప్పింది నాకు ఏ ఏఐ చెప్పలేదు: "రెండో బోరు తెల్లారుగట్ల నాలుగింటికేస్తే గంటసేపు బాగా పోస్తది మేడం, ఆ తర్వాత గాలి కొడతది. రెండు గంటలు ఆపి మళ్లీ వేస్తే మళ్లీ వస్తది." ఇళ్లల్లో పనిచేసే ఆవిడ చెప్పింది ఇంకా పనికొచ్చింది. ఏయే ఫ్లాట్లలో బాత్రూం ఫ్లష్ రాత్రీపగలూ కారుతుందో ఆవిడకి కంఠతా వచ్చు. ఆ ఇళ్లవాళ్లకి మాత్రం తెలియదు.

ఇలాంటి సంగతులు ఎక్కడా రాసి ఉండవు. రాయనిది ఏఐ చదవలేదు. పదిమంది కలిస్తే వచ్చే తెలివి అంటామే, అందులో ఎక్కువ భాగం ఇలా ఒకరికి మాత్రమే తెలిసి, ఎవరూ అడగక లోపలే ఉండిపోయిన సంగతులే. వాటిని బయటికి తీయడం సెక్రటరీ పని, దాన్ని ఏఐకి అప్పగించలేం.

ఇక్కడ ఇంకో చిన్న పని చేయండి. ఆ మూడు ప్రశ్నలే ఏఐని కూడా అడిగి, దాని జవాబును అలాంటి చీటీ మీదే రాసి, నంబరు వేసి, మిగతా వాటితో కలిపేయండి. దాని అభిప్రాయానికి ఒక చీటీ విలువ ఉంటుంది, అంతకన్నా ఎక్కువ ఉండదు.

చీటీలు పోగేశాక దానికి పని చెప్పండి

అరవై చీటీలు చదివి సారం తీయడం మనిషికి విసుగు. పైగా మనిషి తీస్తే తన వైపు కొంచెం లాగుతాడు, నేనైనా అంతే. ఇది ఏఐకి తగిన పని. 2024లో 'నేచర్ హ్యూమన్ బిహేవియర్' పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 106 ప్రయోగాలను కలిపి చూస్తే, మనిషీ ఏఐ కలిసి చేసిన పని సగటున, ఆ ఇద్దరిలో మెరుగైన వాళ్లు ఒంటరిగా చేసిన దానికంటే తక్కువగానే తేలింది. ముఖ్యంగా 'వీటిలో ఏది' అని నిర్ణయించే పనుల్లో నష్టం కనిపించింది. రాయడం, తయారు చేయడం లాంటి పనుల్లో లాభం కనిపించింది. కాబట్టి ఎంచే పని మనం పెట్టుకుని, రాసే పని దానికిద్దాం.

ముందు చీటీల మీద పేర్లూ ఫ్లాట్ నంబర్లూ కొట్టేసి, వరస నంబర్లు వేయండి. మెయింటెనెన్స్ బాకీలు, ఆరోగ్యం సంగతులు ఉంటే తీసేయండి, అవి ఏ యాప్‌లోకీ ఎక్కించకండి. తెలుగు చేతిరాత ఫోటో తీసి ఇస్తే చాలావరకు చదువుతుంది గానీ, గొలుసుకట్టు రాతలో తడబడుతుంది, అర్థం కాని చోట సొంతంగా కల్పిస్తుంది. అలాంటివి మీరే టైప్ చేయండి. తర్వాత ఇలా అడగండి:

"కింద వరస నంబర్లు వేసిన చీటీలు ఉన్నాయి. ఒకే అర్థం వచ్చేవి ఒకచోట పెట్టు. ప్రతి అంశం పక్కన అది ఏయే చీటీల్లో ఉందో నంబర్లు రాయి. ఒక్కరే చెప్పిన మాటను కూడా వదలకుండా విడిగా రాయి. చీటీల్లో లేనిదేదీ చేర్చొద్దు. ఏది మంచిదో చెప్పొద్దు."

నంబర్లు రాయమనడం ఎందుకంటే, అప్పుడే మీరు సరిచూడగలరు. ఏదో ఒక అంశం తీసుకుని ఆ చీటీలు బయటికి తీసి చదవండి. నిజంగా ఆ మాటే ఉందా? రెండు మూడు చోట్ల ఇలా చూస్తే దాని పని తీరు తెలిసిపోతుంది. ఒంటరి మాట సంగతి ఇంకా ముఖ్యం. ఉత్త 'సారాంశం చెప్పు' అంటే ఏఐ ఎక్కువమంది చెప్పిన వాటిని పైకి తెచ్చి, ఒక్కరు చెప్పిన వాటిని 'ఇతర సూచనలు' అని ఒక మూలన పడేస్తుంది, లేదా మింగేస్తుంది. మా దగ్గర అలా మింగేసిన ఒక చీటీలో ఏముందో తెలుసా? పార్కు మూలన ఉన్న ఇంకుడు గుంత మీద టైల్స్ పని చేసినప్పుడు సిమెంటు చెత్త పోసేశారని. రాసింది అద్దెకున్న ఒక కుర్రాడు. అది చూసి వెళ్లి తవ్విస్తే నిజమే, గుంత మూసుకుపోయి ఉంది. వానాకాలం సెల్లార్లోకి వచ్చే నీళ్లకీ, ఎండాకాలం బోర్లు తడారడానికీ అది సగం కారణమని మా ప్లంబర్ అంటాడు. సగమో పావో తెలియదు గానీ ఖర్చు మాత్రం ఒక రోజు కూలీ.

అందరి మాటల్నీ కలిపి ఒక ఉమ్మడి ప్రకటన రాయించడం కూడా కుదురుతుంది. గూగుల్ డీప్‌మైండ్ వాళ్లు బ్రిటన్‌లో 5,000 మందికి పైగా జనంతో ఇది చేసి, 2024లో 'సైన్స్' పత్రికలో ప్రచురించారు. 'హాబర్‌మాస్ మెషీన్' అని పేరు పెట్టారు. చిన్న గుంపుల్లో ఒక్కొక్కరూ తమ అభిప్రాయం విడివిడిగా రాశారు, యంత్రం ఉమ్మడి ప్రకటన రాసింది, జనం దాన్ని విమర్శించారు, యంత్రం తిరగరాసింది. మనిషి మధ్యవర్తి రాసిన దానికంటే యంత్రం రాసినదే మేలని నూటికి 56 సార్లు అన్నారు. మరీ గొప్ప తేడా కాదు గానీ ఆ వరస చూడండి. ముందు ఎవరి మాట వాళ్లు రాశారు, తర్వాతే యంత్రం నోరు తెరిచింది, ఆఖరి మాట మళ్లీ మనుషులదే. మనం చీటీలతో చేస్తున్నదీ అదే, కాకపోతే వాళ్లకి జీతాలిచ్చేవాళ్లున్నారు.

మీటింగు రోజు

మొదటి నియమం: అందరూ ఒకసారి మాట్లాడేదాకా ఎవరూ రెండోసారి మాట్లాడకూడదు. కుర్చీల వరసలో ఒక్కొక్కరూ ఒక నిమిషం. మాట్లాడటం ఇష్టం లేకపోతే 'పాస్' అనొచ్చు. 2010లో అమెరికాలో అనితా వూలీ బృందం 699 మందిని చిన్న చిన్న గుంపులు చేసి పరీక్షించింది. గుంపులో అందరికంటే తెలివైనవాడి తెలివికీ, గుంపు మొత్తం పనితీరుకీ పెద్ద సంబంధం కనిపించలేదు. ఒకరిద్దరే మాట్లాడిన గుంపులు వెనకబడ్డాయి. అందరికీ వంతు దక్కినవి, ఎదుటివాళ్ల మొహం చూసి మనసు పట్టగలిగినవాళ్లు ఉన్నవి, ఆడవాళ్లు ఎక్కువున్నవి ముందున్నాయి. మా మీటింగుల్లో ముందు వరసలో ఎవరు కూర్చుంటారో, గోడ పక్కన ఎవరు నిలబడతారో మీకు వేరే చెప్పాలా?

రెండో నియమం, ఈ రౌండు అయ్యేదాకా ఫోన్లు జేబుల్లోనే ఉండాలి. ఆ తర్వాత ఏఐని అడగాల్సి వస్తే ఒక్కటే ఫోనో లాప్‌టాపో టీవీకి కలిపి, ప్రశ్న పైకి చదివి, అందరి ముందూ అడగండి. ఎవరి ఫోన్లో వాళ్లు అడిగితే ఎవరికి కావలసిన జవాబు వాళ్లకొస్తుంది. ఈ యాప్‌లకు మెచ్చుకునే గుణం ఎక్కువ. 2025 ఏప్రిల్‌లో చాట్‌జీపీటీ తయారుచేసే ఓపెన్‌ఏఐ కంపెనీ, దాని వెనక పనిచేసే జీపీటీ-4ఓ అనే మోడల్‌లో చేసిన ఒక మార్పును, మరీ ముఖస్తుతి చేస్తోందని తానే వెనక్కి తీసుకుంది. అంటే తయారుచేసినవాళ్లకే అతిగా అనిపించిందన్నమాట.

దీన్ని మాటల్తో చెప్తే ఎవరూ నమ్మరు, చూపించండి. "మా పాత బోర్లు ఎండిపోతున్నాయి, వెయ్యి అడుగుల కొత్త బోరు వేయడం తెలివైన పనే కదా?" అని ఒకసారి అడగండి. కొత్త చాట్ తెరిచి, "చుట్టుపక్కల బోర్లన్నీ ఎండిపోతుంటే ఇంకో బోరు వేయడం డబ్బు దండగే కదా?" అని అడగండి. చాలాసార్లు రెండింటికీ 'అవును, మీరన్నది నిజమే' అనే ధోరణిలోనే మొదలవుతుంది. హాల్లో నవ్వులు మొదలవుతాయి. అప్పట్నుంచి "నేను ఏఐని అడిగాను" అన్న మాటకు ఉండాల్సినంత బరువే ఉంటుంది.

మరి అందరి ముందూ దాన్ని ఏం అడగాలి? ఎదురు వాదన అడగండి. "మేం మీటర్లు పెట్టాలని అనుకున్నాం. ఏడాది తర్వాత ఈ పథకం పూర్తిగా పాడైపోయిందని అనుకో. ఎందుకు పాడైందో కారణాలు రాయి." ఇందులో అది బాగా రాణిస్తుంది, ఎవరికీ కోపం రాదు కూడా. ఇదే మాట మూడో అంతస్తు ఆయన అంటే, 'ఈయనకి ప్రెసిడెంటంటే పడదు' అనుకుంటారు. యంత్రానికి పాత పగలు లేవు. అది చెప్పిన కారణాల్లో మన అపార్ట్‌మెంట్‌కి తగినవి ఏవో జనం తేల్చాలి. ఒక్కో బాత్రూంకి విడివిడిగా పైపు దిగే పాత కట్టడాల్లో ఫ్లాటుకి ఒక్క మీటరు సరిపోదని మా ప్లంబర్ అన్నది అప్పుడే.

చట్టం గురించి మాత్రం దాని మాట మీద ఆగకండి. హౌసింగ్ సొసైటీల గురించి మహారాష్ట్రలో వివరమైన మాదిరి బైలాలు ఉన్నాయి. ఇంటర్నెట్‌లో ఈ విషయం మీద రాతల్లో చాలా భాగం ముంబై, పుణెలవే. అందుకని హైదరాబాద్ అపార్ట్‌మెంట్ గురించి అడిగినా, అక్కడి నియమాన్నే మన నియమంలా చెప్పేస్తుంటుంది. మన దగ్గర అసోసియేషన్లు ఎక్కువగా 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద గానీ, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద గానీ నమోదై ఉంటాయి. మీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ బయటికి తీసి ఏదో చూడండి, మీ బైలా చదవండి. బోరు వేయాలంటే 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) ప్రకారం అనుమతి తీసుకోవాలి. "ఏఐ అక్కర్లేదంది" అంటే ఏ అధికారీ వినడు. కెనడాలో ఒక విమానయాన సంస్థ, టికెట్ డబ్బు వాపసు గురించి మా చాట్‌బాట్ తప్పు చెబితే దానికి మేం బాధ్యులం కాదని వాదించింది. 2024 ఫిబ్రవరిలో అక్కడి ట్రైబ్యునల్ ఆ వాదన కొట్టేసి డబ్బు కట్టమంది. తీర్మానం కింద సంతకం పెట్టేది మనం.

ఓటు

చర్చ అయ్యాక చేతులెత్తించకండి. రెండో చీటీ ఇవ్వండి. ఎవరెవరు చెయ్యి ఎత్తారో చూసి ఎత్తేవాళ్లు ప్రతి అపార్ట్‌మెంట్లోనూ ఉంటారు, అందులోనూ ప్రెసిడెంట్ మొదటి వరసలో కూర్చుని వెనక్కి తిరిగి చూస్తుంటే.

డబ్బు మొత్తం తేల్చేటప్పుడు ఒక చిట్కా. 'ఇంటికి ఎంత' అన్నదానికి వచ్చిన అంకెల సగటు తీయకండి, పేర్చి మధ్య అంకె తీసుకోండి. ఐదుగురు 2,000, 3,000, 3,000, 5,000, 50,000 రాశారనుకోండి. సగటు 12,600 వస్తుంది, అది ఐదుగురిలో నలుగురికి మించిన మొత్తం. మధ్య అంకె 3,000. ఒక్క డబ్బున్నాయన ఆవేశానికి మిగతావాళ్లు బలి కారు. ఇది నా సొంత తెలివి కాదు. ఎద్దు చీటీలు లెక్కపెట్టిన ఆ గాల్టనే 1907లో, జ్యూరీలు నష్టపరిహారం నిర్ణయించేటప్పుడూ, కమిటీలు డబ్బు కేటాయించేటప్పుడూ మధ్య అంకె తీసుకోవాలని రాశాడు. ఏఐని లెక్క చేయమంటే అడగకపోతే సగటే తీస్తుంది చాలాసార్లు. 'మీడియన్ తియ్యి' అని ప్రత్యేకంగా చెప్పండి.

రెండో చీటీలో కారణం కూడా ఒక వాక్యం రాయమనండి. లెక్కపెట్టేటప్పుడు ఆ వాక్యాలు చూడండి. అందరూ వాళ్ల వాళ్ల మాటల్లో రాస్తే మనసు మార్చుకున్నా మార్చుకోకపోయినా ఆలోచించారని అర్థం. 'దీర్ఘకాలిక సుస్థిర పరిష్కారం' అని పది చీటీల్లో ఉంటే టీవీ మీద కనిపించిన మాటే చీటీలోకి ఎక్కిందన్నమాట. నేనైతే అప్పుడు ఫలితం ప్రకటించకుండా వారం వాయిదా వేస్తాను. తిట్టుకుంటారు, తిట్టుకోనివ్వండి.

మినిట్స్

"ఆంటీ, రికార్డ్ చేసిస్తే ఏఐ మినిట్స్ రాసేస్తుంది" అని ఐదో అంతస్తు అమ్మాయి అంది. రాస్తుంది. రికార్డింగుకి ముందు అందరి అనుమతి అడగండి, ఒక్కరు వద్దన్నా ఆపేయండి. తెలుగూ హిందీ ఇంగ్లీషూ కలిపి ముగ్గురు ఒకేసారి అరుస్తుంటే దానికి సరిగా వినబడదు. 'వద్దు' అన్న ఒక్క మాట జారిపోతే తీర్మానమే తిరగబడుతుంది. ఇంకో జబ్బు, గొడవంతా నున్నగా చేసేసి 'సభ్యులు ఏకాభిప్రాయానికి వచ్చారు' అని రాసేస్తుంది. ఎంతమంది ఒప్పుకోలేదో, ఎందుకు ఒప్పుకోలేదో మీ చేత్తో చేర్చండి. జనం కుర్చీల్లోంచి లేవకముందే తీర్మానం వాక్యాన్ని పైకి చదవండి.

ఏఐని అసలు పిలవకూడని సందర్భాలు

మనుషుల మీద నిర్ణయాలు. వాచ్‌మన్‌ని మార్చాలా, బ్యాచిలర్లకు అద్దెకివ్వొచ్చా, నాలుగో అంతస్తు వాళ్ల కుక్క సంగతేమిటి. ఇలాంటి వాటిలో మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడకుండా, అవతలివాళ్ల గురించి ఏఐతో నాలుగు పేరాలు రాయించి గ్రూపులో పెడితే ఆ తర్వాత లిఫ్టులో మొహాలు చూసుకోలేరు. వినాయకుడి మండపం ఎక్కడ వేయాలి లాంటివి కూడా వద్దు. ఐదు నిమిషాల్లో నిలబడి తేల్చుకునే వాటికి ఇంత తతంగం ఎందుకు?

చివరగా, చీటీలు పారేయకండి. మొదటివీ రెండోవీ కవర్లో పెట్టి, తీర్మానం కాపీ జత చేసి, ఏ నెలలో మళ్లీ తెరవాలో పైన రాయండి. నీళ్ల విషయమైతే వచ్చే ఏప్రిల్ అని పెట్టుకోవచ్చు. అప్పుడు ట్యాంకర్ల బిల్లులు పక్కన పెట్టుకుని, ఎవరి అంచనా దగ్గరగా వచ్చిందో చూడండి. ఏఐ రాసిన చీటీ కూడా అందులోనే ఉంటుంది కదా, దాన్నీ చూడండి. అది నిజంగా దగ్గరగా వస్తే వచ్చేసారి ఆ గడిలో దాని మాట ఇంకాస్త వినొచ్చు. వాచ్‌మన్ చీటీ దగ్గరగా వస్తే బోర్లు ఏ టైముకి వేయాలో అతన్నే నిర్ణయించమని తీర్మానం చేసేయండి.